పాత బోటు డీజిల్ తక్కువ తాగాలంటే

కళింగపట్నం దగ్గర వంశధార మొగలో (నది సముద్రంలో కలిసే చోట) కట్టే మా ఫైబర్ బోటు పాతది. ఇంజను మార్చే స్తోమత లేదు. ఉన్నదానితోనే డీజిల్ మిగుల్చుకోవడం నేర్చుకున్నాను.

ముందు బోటు అడుగు చూడండి. ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే పాకుడు, గుల్లలు పట్టేస్తాయి. అవి నీటిని పట్టుకుని వెనక్కి లాగుతుంటే ఇంజను ఊరికే కష్టపడుతుంది. పౌర్ణమికో అమావాస్యకో పోటు మీద బోటును ఇసుకపైకి ఎక్కించి, ఆటు తీయగానే చెక్క బద్దతో గీకుతాను. ఇనుముతో గీకితే ఫైబర్ పొర లేచిపోతుంది. ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటును నెట్టే ప్రొపెల్లర్) రెక్కలు కూడా తడిమి చూడండి. ఒక్క అంచు వంగినా బోటు వణుకుతుంది, చుక్కాని పట్టిన చేతికి ఇట్టే తెలుస్తుంది. ఆ వణుకును ఒకసారి పట్టించుకోకపోతే ఫ్యానును తిప్పే ఇరుసు (షాఫ్టు) తిరిగే బుష్ అరిగిపోయింది.

తర్వాత వేగం. దీనికి పైసా ఖర్చు లేదు. వేగం 10 శాతం తగ్గిస్తే ఇంజను మీద పడే భారం సుమారు 27 శాతం తగ్గుతుంది. ప్రయాణం కాస్త ఎక్కువసేపు పట్టినా, అదే దూరానికి డీజిల్ దాదాపు 19 శాతం మిగులుతుంది. మా తమ్ముడు నమ్మలేదు. వారం పాటు క్యాన్లు కొలిచి చూసుకున్నాక ఇప్పుడు వాడే నాకు గుర్తు చేస్తున్నాడు.

నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, తగ్గకపోతే ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ చెక్ చేయించండి. అడుగున చేరిన నీళ్లు తోడెయ్యండి, 100 లీటర్లంటే 100 కిలోల బరువు. వలలు, ఐసు పెట్టెలు ఒకే వైపు పెట్టకండి.

వీలైతే ఆటుతో బయల్దేరి, పోటుతో మొగలోకి రండి.