బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివే పద్ధతి: ముందు కాగితం, తర్వాతే కంపైలర్

కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకు సీ ప్రోగ్రామింగ్ భాష, రెండో సంవత్సరం వాళ్లకు డేటా స్ట్రక్చర్స్ చెబుతాను. ఈఏపీసెట్ ర్యాంకుతో సీఎస్‌ఈ సీటు తెచ్చుకుని వచ్చే పిల్లల్లో చాలామంది ల్యాబ్‌లోనే మొదటిసారి కీబోర్డు ముందు కుదురుగా కూర్చుంటారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన అలవాటు కొద్దీ ప్రోగ్రాంలను కూడా బట్టీ పడతారు. మొదటి మిడ్‌లో మార్కులు వస్తాయి కూడా. పాయింటర్ల (మెమరీ చిరునామాలు దాచే వేరియబుల్స్) దగ్గరకు వచ్చేసరికి ఆ బట్టీ చేతులెత్తేస్తుంది. వాళ్లకు మొదటి వారం నుంచీ ఒకటే చెబుతాను: ప్రోగ్రాం నడపబోయే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాయండి, తర్వాతే నడపండి. నాలుగేళ్ల చదువుకూ ఈ ఒక్క అలవాటు చాలా దూరం పనికొస్తుంది. ఎలా పాటించాలో చెబుతాను.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం అందరికీ తెలిసిందే. 5 ఇస్తారు, 120 వస్తుంది, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. మీరు అక్కడ ఆగకండి. 12 ఇస్తే 479001600 వస్తుంది, అది సరైనదే. ఇప్పుడు 13 ఇచ్చే ముందు, ఆ సంఖ్యను 13తో చేత్తో గుణించి పెట్టుకోండి: 6227020800. ప్రోగ్రాం మాత్రం 1932053504 చూపిస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మన ల్యాబ్ కంప్యూటర్లలో ఇంట్ (పూర్ణసంఖ్యలు దాచే రకం) అంటే 32 బిట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. అసలు జవాబులోంచి 4294967296, అంటే 2 ఘాతం 32, తీసేసి చూడండి. తెర మీద కనిపించిందే మిగులుతుంది. (సీ ప్రమాణం ప్రకారం ఇలా హద్దు దాటినప్పుడు ఫలానా జవాబే రావాలన్న హామీ ఏదీ లేదు. మామూలుగా వచ్చేది ఇది.) ఈ ఒక్క తీసివేత చేసినవాళ్లకు టూస్ కాంప్లిమెంట్ (రుణ సంఖ్యలను బిట్లలో రాసే పద్ధతి) పాఠం సగం అర్థమైనట్టే.

దీనికోసం ల్యాబ్ రికార్డు కాకుండా వేరే నోటుబుక్కు పెట్టుకోండి. ఎడమ పేజీలో మీ ఊహ, కుడి పేజీలో వచ్చిన ఫలితం. రెండూ కలవని చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. పరీక్షల ముందు చదవాల్సింది ఆ సున్నాలు చుట్టిన పేజీలే. ఎందుకు కలవలేదో దొరికేదాకా జీడీబీ అనే డీబగ్గర్‌లో (ప్రోగ్రాంను మధ్యమధ్యలో ఆపి చూపే సాధనం) ఒక్కొక్క లైనే నడిపిస్తూ వేరియబుల్స్ విలువలు చూడండి. డీబగ్గర్ వాడటం పరీక్షలో రాదని చాలామంది నేర్చుకోరు. నా దృష్టిలో మొదటి సంవత్సరంలో అన్నిటికన్నా విలువైన విద్య అదే.

రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) దగ్గరా ఇంతే. 40వ ఫిబొనాచి సంఖ్యను (ఈ వరుసలో ముందున్న రెండు సంఖ్యల మొత్తమే తర్వాతిది) రికర్షన్‌తో ఒకసారి, లూప్‌తో ఒకసారి రాయండి. రికర్షన్‌లో ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలవాల్సి వస్తుందో ముందు 5కి చెట్టు గీసి లెక్కించండి, 15 వస్తుంది. ప్రోగ్రాంలో ఒక కౌంటర్ పెట్టి 40కి చూస్తే 33 కోట్లు దాటుతుంది. లూప్‌లో 39 కూడికలతో అయిపోతుంది. టైం కాంప్లెక్సిటీ గురించి ఎన్ని నిర్వచనాలు చదివినా ఈ రెండు అంకెలు కళ్లారా చూసినంత గట్టిగా నాటుకోవు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన అభ్యాసం. పాలిండ్రోమ్ (ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాట) ప్రోగ్రాం ప్రతి ల్యాబ్‌లో ఉంటుంది, అందరూ ‘మేడమ్’ అన్న ఇంగ్లిష్ మాట ఇచ్చి వదిలేస్తారు. మీరు లైనక్స్ టెర్మినల్‌లో ‘వికటకవి’ ఇవ్వండి. తెనాలి రామకృష్ణుడి బిరుదు, ఎటునుంచి చదివినా ఒకటే. మీ ప్రోగ్రాం కాదంటుంది. స్ట్రింగ్ పొడవు ఎంత వస్తుందో ముందు ఊహించి రాయండి. 5 అని రాస్తారు. 21 వస్తుంది.

ఎందుకో చూద్దాం. ప్రపంచ లిపులకు సంఖ్యా సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న ఒక వరుస ఉంది. అందులో ‘వ’ ఒక సంకేతం, గుడి మరో సంకేతం. కాబట్టి ‘వి’ అంటే రెండు, మాట మొత్తానికి ఏడు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, మొత్తం 21. మీ ప్రోగ్రాం ఆ బైట్లను చివర్ల నుంచి పోలుస్తోంది.

దీన్ని మూడు మెట్లలో సరిచేయండి. మొదట మూడేసి బైట్లను ఒక సంకేతంగా కలపండి. అప్పుడు ‘మడమ’ నెగ్గుతుంది, ‘వికటకవి’ ఇంకా ఓడుతుంది, ఎందుకంటే తిరగేస్తే గుడి ‘వ’ కంటే ముందుకొస్తుంది. తర్వాత గుణింతపు గుర్తులను, సున్నను ముందున్న అక్షరంతో జత చేయండి. ఇప్పుడు ‘వికటకవి’, ‘కిటికి’ రెండూ నెగ్గుతాయి. చివరగా పొల్లు సంగతి: పొల్లు వచ్చిందంటే దాని తర్వాతి హల్లు కూడా అదే అక్షరంలోకి వస్తుంది. ‘అమ్మ’ రెండు అక్షరాలని, ‘శాస్త్రం’ కూడా రెండే అని మీ ప్రోగ్రాం చెప్పాలి. ‘శాస్త్రం’లో ఎన్ని సంకేతాలు, ఎన్ని బైట్లు అన్నది నడపకుండా రాయండి. 8, 24 వచ్చాయా?

ఇది పిల్లల ఆటలా కనిపించవచ్చు కానీ కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’తో కూడిన ఒక తెలుగు సంకేతాల వరుసను చూపించాల్సి వచ్చినప్పుడల్లా ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. మన ఒత్తులు, గుణింతాలు సరిగ్గా నడిచే ప్రోగ్రాంలు రాయాలంటే వాటిని చిన్నప్పటి నుంచి పలికినవాళ్లు ఈ రంగంలో కావాలి. అందుకే తెలుగు మీడియం నుంచి వచ్చి వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునే పిల్లలకు ఈ అభ్యాసం ముందుగా ఇస్తాను. వాళ్లే ముందు పూర్తి చేయడం చాలాసార్లు చూశాను.

ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం గురించి భయపడకండి. ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, హాస్టల్లో పక్క మంచం వాడికి తెలుగులో చెప్పండి. ఎక్కడ తడబడ్డారో అక్కడికి మళ్లీ వెళ్లండి. ఐఐటీల, ఐఐఎస్సీ అధ్యాపకుల ఎన్‌పీటీఎల్ వీడియో పాఠాలు ఉచితంగా చూడొచ్చు. వేగం తగ్గించి, మధ్యలో ఆపి ఊహ రాసుకుంటూ చూడండి.

ల్యాప్‌టాప్ కొత్తది అక్కర్లేదు. లైనక్స్, జీసీసీ అనే సీ కంపైలర్ నడిచే పాతది చాలు. వార్నింగ్‌లు చూపించే ఆప్షన్ ఎప్పుడూ పెట్టి కంపైల్ చేయండి, ఒక్క వార్నింగ్‌నూ వదలొద్దు.

చాట్‌జీపీటీని అడగొద్దని నేను చెప్పను, అడిగే వరుస ముఖ్యం. ముందు మీ ప్రోగ్రాం, అది ఎక్కడ ఎందుకు ఆగిందన్న మీ ఊహ, ఆ తర్వాతే ప్రశ్న. అది ఇచ్చిన కోడ్‌ను కూడా కాగితం మీద నడిపి చూడండి. ఎంత నమ్మకంగా చెప్పినా అది తప్పు చెప్పే సందర్భాలుంటాయి.

డిస్క్రీట్ మ్యాథ్స్‌ను సప్లీ తప్పించుకునే సబ్జెక్టుగా చూడకండి. ఇండక్షన్ రుజువు, రికర్సివ్ ఫంక్షన్ ఒకే ఆకారంలో ఉంటాయి, పక్కపక్కన పెట్టి రాసి చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు వచ్చినప్పుడు వరుసగా మూడు ఫోర్క్‌లు (నడుస్తున్న ప్రోగ్రాంకు నకలు పుట్టించే పిలుపులు) పెట్టి ఒక లైన్ ప్రింట్ చేయించండి. అది 8 సార్లు ఎందుకు వస్తుందో ముందే గీసి పెట్టుకోండి. డీబీఎంఎస్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సాధనం చాలు: పెద్ద పట్టిక ఒకటి తయారుచేసి, ఇండెక్స్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి వెతికించి సమయం పోల్చండి.

ఇక చివరి సంవత్సరం ప్రాజెక్టు. డబ్బిచ్చి తెచ్చుకునే ప్రాజెక్టుల జోలికి దయచేసి వెళ్లకండి. నాలుగేళ్లలో పూర్తిగా మీ సొంతమయ్యే పని ఈ చివరి ప్రాజెక్టు ఒక్కటే. ఏం చేయాలో తోచకపోతే ఇది తీసుకోండి: 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ ఒక డంప్‌గా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించండి. ముందు సాదా లిస్టుతో, తర్వాత హ్యాష్ టేబుల్‌తో. ఆ లెక్కలతో రాసేటప్పుడు తర్వాతి అక్షరాన్ని సూచించే చిన్న సాధనం చేయొచ్చు. ప్రతి రోజు పనినీ, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేయండి. వైవాలో గానీ ఇంటర్వ్యూలో గానీ ‘ఇది నువ్వే చేశావా’ అని అడిగితే ఆ చరిత్ర చూపించండి.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసే ఆలోచన ఉంటే మూడో సంవత్సరం సెలవుల్లోనే పాత పేపర్లు మొదలుపెట్టండి. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్. చిన్న సీ ప్రోగ్రాం ఇచ్చి ఏం ప్రింట్ అవుతుందని అడిగే ప్రశ్నలు అందులో తరచూ ఉంటాయి. వాటిని కంపైలర్ తెరవకుండా చేసి, జవాబుల కీతో సరిచూసుకుని, తప్పినవి మాత్రం సాయంత్రం జీడీబీలో ఒక్కొక్క లైనూ నడిపించండి.