సింగపూర్‌లో విహార ఓడ (క్రూజ్) ఎక్కే ముందు

• పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. ఓడ మలేసియా లాంటి వేరే దేశపు రేవులో ఆగి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి, వీసా ఎన్నిసార్ల ప్రవేశానికో చూసుకోండి.

• టికెట్ ధర చూసి మురిసిపోవద్దు. రేవు రుసుములు, తలకు రోజుకింత చొప్పున టిప్పులు చాలా ఓడల్లో వేరే.

• విమానం ముందురోజుదే తీసుకోండి. మీ కోసం ఓడ ఆగదు.

• పెద్ద పెట్టెలను రేవులోనే తీసేసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. బీపీ మాత్రలు, పిల్లల ఈతదుస్తులు చేతిసంచిలో ఉంచండి. పాస్‌పోర్టును పెట్టెలో వేసి, కౌంటర్ దగ్గర తెల్లమొహం వేసేవారూ ఉంటారు!

• ఇస్త్రీపెట్టెను తనిఖీలో పట్టేస్తారు. ఇంటి ఆవకాయ మీదా ఆశ పెట్టుకోవద్దు.

• కడుపులో తిప్పేవారు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగండి.

• తీరం దాటకముందే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రపు సిగ్నల్‌కు బిల్లు వాచిపోతుంది.