భూపటల సాంద్రతల నుంచి గురుత్వ నమూనా కట్టడం ఎలా

పర్వతం గురుత్వానికి ఎంత కలుపుతుందో, దాని కింద మాంటిల్‌లోకి, అంటే భూపటలం కింది బరువైన రాతి పొరలోకి, దిగిన తేలికైన వేరు చాలావరకు అంత తీసేస్తుంది. మనకు కావలసింది ఆ మిగిలిన తేడా. చిన్న పొరపాటు కూడా పటం నిండా కనిపించేది అందుకే.

ముడి డేటాకు 2013లో వచ్చిన ప్రపంచ భూపటల నమూనా క్రస్ట్1.0 చాలు. 1° × 1° గడులు 64,800. ఒక్కో గడిలో నీరు, మంచు, మూడు అవక్షేప పొరలు, మూడు స్ఫటిక శిలా పొరలు, అడుగున మాంటిల్. మొదటి వరుస 89.5° ఉత్తరం, 179.5° పశ్చిమం దగ్గర మొదలై తూర్పుకు నడుస్తుంది. దక్షిణం నుంచి చదివితే ఎర్రర్ ఏమీ రాదు, పటం మాత్రం తలకిందులవుతుంది. హద్దులు కిలోమీటర్లలో, సాంద్రతలు ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో ఉంటాయి. రెండింటినీ 1000తో గుణించండి. మందం సున్నా ఉన్న పొరలు తీసేయండి.

6,371 కి.మీ. గోళం మీద ప్రతి పొరనూ టెస్సెరాయిడ్‌గా, అంటే గోళంలోంచి కోసిన ఇటుకగా పెట్టండి. పైథాన్‌లో హార్మోనికా లైబ్రరీ ఈ లెక్క చేస్తుంది. మాంటిల్‌ను అన్ని గడుల్లోనూ ఒకే అడుగు దాకా, 100 కి.మీ. వరకు నింపండి. మోహో (భూపటలం, మాంటిల్ కలిసే హద్దు) దగ్గరే ఆపేస్తే లోతైన వేరు ద్రవ్యరాశి లోటుగా కాక అదనంగా లెక్కకొస్తుంది.

తర్వాత రిఫరెన్స్ సాంద్రత తీసేయాలి: సముద్రమట్టం నుంచి 30 కి.మీ. లోతు దాకా ఘన మీటరుకు 2850 కిలోలు, అక్కడి నుంచి 100 దాకా 3300. సముద్రమట్టాన్ని గానీ 30 కి.మీ. హద్దును గానీ దాటే పొరల్ని అక్కడే కోయండి. సముద్రమట్టానికి పైనున్న రాయికి పూర్తి సాంద్రతే. రిఫరెన్స్ గోళాకారమే కాబట్టి దాన్ని మార్చినా ఫలితం అంతటా ఒకే స్థిరాంకం మేర జరుగుతుంది, అంతే. మరి తీసేయడం ఎందుకు? 100 కి.మీ. కవచం మొత్తం గురుత్వం దాదాపు 26,000 మిల్లీగాల్ (గురుత్వాన్ని కొలిచే చిన్న ప్రమాణం). అందులో 0.1 శాతం గణన దోషమంటే 26 మిల్లీగాల్. వెతుకుతున్న సంకేతమే అందులో మునిగిపోవచ్చు.

అసలు డేటా ముట్టుకునే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. అన్ని గడుల్లో 0 నుంచి 1 కి.మీ. ఎత్తు దాకా 2670 సాంద్రత పెట్టి, 10 కి.మీ. ఎత్తున లెక్కించండి. ఎక్కడైనా దాదాపు 223.3 మిల్లీగాల్ రావాలి. అంతులేని చదునైన పలకకు వాడే బుగే సూత్రం 112 ఇస్తుంది కదా అని కంగారుపడొద్దు. పూర్తి గోళ కవచానికి రెట్టింపు రావడమే సరి. ధ్రువాల దగ్గర మాత్రమే తేడా వస్తే గడి హద్దులు చూడండి, 89.5 అనేది గడి మధ్యబిందువు, అంచు కాదు.

మొదట 5° దూరంలో 2,592 బిందువుల దగ్గర నడపండి. 64,800 బిందువులూ ఒకేసారి పెడితే గంటలు పోయాక తప్పు తెలుస్తుంది.

ఈజీఎం2008 వంటి కొలత నమూనాతో పోల్చేటప్పుడు దాన్ని డిగ్రీ 180 దగ్గర కత్తిరించండి (ఇక్కడ డిగ్రీ అంటే కోణం కాదు, గోళీయ హార్మోనిక్స్‌లో వివరం స్థాయి; సంఖ్య పెరిగేకొద్దీ వివరం సూక్ష్మం). 1° గడి అంతకన్నా సూక్ష్మం చూపలేదు. డిగ్రీ 10 లోపు రెండింటిలోనూ తీసేయండి, అక్కడ లోతైన మాంటిల్‌దే పెత్తనం. హిందూ మహాసముద్రంలో జియాయిడ్ (గురుత్వం నిర్ణయించే సగటు సముద్రమట్ట ఉపరితలం) సుమారు 106 మీటర్లు కుంగిన చోటును భూపటలంతో సరిపెట్టాలని సాంద్రతలు సర్దకండి. ఇంకా మిగిలిన తేడాకు మొదట మోహోను అనుమానించండి: సాంద్రత తేడా 400 ఉన్నచోట లోతు 1 కి.మీ. తప్పితే దాదాపు 17 మిల్లీగాల్ మారుతుంది.