సోలార్ వాచీకి వెలుతురు కావాలి, వేడి కాదు

మన నల్లగొండ జిల్లాలో ఎండకేం కొదవ, సోలార్ వాచీకి ఢోకా లేదనుకుంటారు. ఇక్కడ వాచీ ఆగేది ఎండ లేక కాదు, బీరువాలో పెట్టి తాళం వేయడం వల్ల. పెళ్లిలో అత్తగారు పెట్టిన వాచీ కదా అని మా బామ్మర్ది డబ్బాతో సహా దాచాడు. మళ్లీ ఇంకో పెళ్లికి తీస్తే ముల్లు కదల్లేదు. ఫుల్ ఛార్జ్ ఉంటే చాలా మోడళ్లు చీకట్లో 6 నెలల దాకా నడుస్తాయి. ఆ తర్వాత వాటి తప్పేం లేదు. డబ్బా పక్కన పడేసి, కిటికీ దగ్గర డయల్ పైకి ఉండేలా పెట్టండి.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాస్తాను. పగలంతా ట్యూబ్‌లైట్ కిందే, పైగా ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ట్యూబ్‌లైట్‌కు గంటల్లో ఎక్కే ఛార్జ్ ఎండలో నిమిషాల్లో ఎక్కుతుంది. అందుకే లారీ కాంటా చూడ్డానికి బయటికి వెళ్లినప్పుడు చొక్కా చేతులు పైకి మడుస్తాను. యాసంగి వడ్లు దిగే రోజుల్లో అద్దం మీద తవుడు దుమ్ము సన్నటి పొరలా పేరుకుంటుంది. సోలార్ సెల్ ఉండేది డయల్ కిందే కాబట్టి మెత్తటి గుడ్డతో తుడవాలి.

సిటిజన్, సీకో కంపెనీల సోలార్ వాచీల్లో సెకండ్ల ముల్లు రెండు సెకండ్లకోసారి ఒకేసారి రెండు గీతలు దూకుతుంటే పాడైందని టెన్షన్ పడకండి. ఛార్జ్ అయిపోవచ్చిందని చెబుతోంది, అంతే. పూర్తిగా ఆగితే మాత్రం ఓపిక పట్టాలి. వెలుతురు తగలగానే ముల్లు కదలొచ్చు, కానీ అది చూపించే టైం తప్పు. ముల్లు సెకండుకో గీత నడిచేదాకా ఛార్జ్ చేసి, అప్పుడు టైం, తేదీ పెట్టుకోండి. రాత్రిపూట తేదీ మార్చకండి, ఆ వేళ లోపలి పళ్ల చక్రాలు తేదీని తిప్పే పనిలో ఉంటాయి.

తొందరగా ఎక్కాలని మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీదో, రేకుల మీదో పెట్టేవాళ్లున్నారు. అద్దాలు బిగించిన కారులో డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటుతుంది. అంత వేడికి లోపల ఛార్జ్ దాచుకునే రీఛార్జబుల్ సెల్ పాడవుతుంది. పొద్దున ఎండ పడే కిటికీ చాలు.

మా బామ్మర్ది వాచీకి దుకాణంలో మామూలు సెల్ వేయబోయారు. ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి. ఛార్జ్ ఎక్కించుకోలేని సెల్‌లోకి ఛార్జ్ పోతే అది పగిలే ప్రమాదం ఉంది. ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన రీఛార్జబుల్ సెల్ ఉంటేనే మూత తీయనివ్వండి.