కొత్త స్టీరియో పెట్టాక రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతోందా?

ముందు ఎంత కరెంటు పోతోందో కొలవండి. ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా ఉంచి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పండి. మల్టీమీటర్ (కరెంటు కొలిచే మీటర్) ఎర్ర వైరును దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మీటర్‌ను ఆ కేబుల్‌కూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య కలపండి. మీటర్ కలిపి ఉన్నంతసేపు కారు స్టార్ట్ చేయకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది. కారులోని కంప్యూటర్లు నిద్రలోకి జారేదాకా అరగంట ఆగండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. 300 ఉంటే రోజుకు 7 ఆంపియర్-అవర్లు పోతున్నట్టే. 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ మూడు నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తుంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు.

చాలాసార్లు తప్పు స్టీరియో వైరింగ్‌దే. పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే లైనుకు, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే లైనుకు వెళ్లాలి. తొందరలో రెండూ ఎప్పుడూ కరెంటుండే లైనుకే కలిపేస్తే సెట్ ఎప్పటికీ పూర్తిగా ఆగదు. యాంప్లిఫైయర్ ఉంటే దాని రిమోట్ వైరు (యాంప్లిఫైయర్‌ను ఆన్ చేసే వైరు) స్టీరియోలోని నీలం-తెలుపు వైరుకే కలపాలి, నేరుగా బ్యాటరీకి కాదు. కారు ఆపి ఉంచినప్పుడూ డ్యాష్‌క్యామ్ (కారులోని కెమెరా) రికార్డు చేసే పార్కింగ్ మోడ్‌కైతే వోల్టేజి పడితే తానే ఆగే కిట్ తప్పనిసరి.