ఎఫ్‌ఎంలో గరగరా? బాల్కనీలోకి యాంటెన్నా ఇలా చేసుకోండి

కూకట్‌పల్లిలో మాది రెండో అంతస్తు. చుట్టూ మాకంటే ఎత్తైన అపార్ట్‌మెంట్లే. పొద్దున్నే వివిధ భారతి పెడితే పాట కన్నా గరగరే ఎక్కువ వినపడేది. రేడియో మార్చినా అదే గోల. చివరికి రెండు వైరు ముక్కలతో పని జరిగింది.

యాంటెన్నా ఎంత పొడవుంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి దాని పొడవు తరంగం కొలతకు కుదరాలి. రేడియో తరంగం తగిలినప్పుడు వైరులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. 101.9 మెగాహెర్ట్జ్ స్టేషన్ అయితే సెకనుకు పది కోట్ల పంతొమ్మిది లక్షల సార్లు! వైరు పొడవు తరంగంలో దాదాపు సగం ఉంటే, ఉయ్యాలను సరిగ్గా సమయానికి తోసినట్టు, ఆ ఊపు పుంజుకుంటుంది. అప్పుడు కరెంటు వైరు నడిమధ్య ఎక్కువగా, కొసల్లో సున్నాగా ఉంటుంది. అందుకే మధ్యలో కోసి అక్కడి నుంచి కేబుల్ తీస్తారు. దీని పేరే డైపోల్.

ముందు లెక్క చూద్దాం. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. హైదరాబాద్ ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.9 కాబట్టి 2.94 మీటర్లు, సగం 1.47. వైరు కొసల ప్రభావం వల్ల ఇందులో ఓ ఐదు శాతం తగ్గించి కొయ్యాలి. అంటే 1.40 మీటర్లు, మధ్యలో కోశాక ఒక్కో చెయ్యి (ముక్క) 70 సెంటీమీటర్లు. వివిధ భారతి 102.8కి తేడా సెంటీమీటరే, పట్టించుకోనక్కర్లేదు. 91, 93 దగ్గరి స్టేషన్లు కూడా కావాలంటే ఒక్కో చెయ్యి 73 పెట్టండి. అన్నీ ఒక మాదిరిగా వస్తాయి.

సామానంతా కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఇంటి వైరింగ్‌కు వాడే రాగి వైరు మీటరున్నర, ఓ పీవీసీ పైపు, టీవీ కేబుల్ ఐదారు మీటర్లు, స్క్రూల కనెక్టర్ ఒకటి చాలు. సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు (ఇంపీడెన్స్) టీవీ కేబుల్‌లో 75 ఓమ్‌లు, డైపోల్ నడుమ సుమారు 73. ఈ జోడీ కుదరడం మన అదృష్టం.

వైరు రెండు ముక్కలనూ పైపు మీద ఒకే వరుసలో టేపుతో అంటించండి. మధ్యలో రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. కేబుల్ నడిమి తీగ ఒక ముక్కకు, చుట్టూ ఉండే సన్న తీగల జల్లెడ రెండో ముక్కకు వెళ్లాలి. ఇక్కడే నేను అరగంట పోగొట్టుకున్నాను. టంకం వేస్తుంటే బొట్టు గోళీలా జారిపోతోంది తప్ప అంటుకోదు! చవక కేబుళ్లలో ఆ జల్లెడ అల్యూమినియంది, దానికి మామూలు టంకం పట్టదు. అందుకే స్క్రూల కనెక్టర్ చెప్పాను. జల్లెడను గట్టిగా మెలిపెట్టి స్క్రూ కింద బిగించండి. నడిమి తీగకు తగిలిందా, సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది.

కనెక్టర్ పక్కనే కేబుల్‌ను అరచేతి వెడల్పున ఐదారు చుట్లు చుట్టి టేపు వేయండి. దీంతో కేబులే యాంటెన్నాలా గోల పట్టకుండా ఉంటుంది.

రేడియోకు యాంటెన్నా సాకెట్ ఉంటే సరే. లేకపోతే నడిమి తీగను క్లిప్‌తో రేడియో పుల్లకు (పైకి సాగే యాంటెన్నాకు) తగిలించండి. ప్లగ్ పెట్టే రేడియోను మాత్రం విప్పకండి.

ఇక ఎటు తిప్పాలి? డైపోల్‌కు కొసల వైపు చెవుడు, పక్కల వైపు చురుకు. స్టేషన్ పెట్టుకుని మెల్లగా తిప్పుతూ వినండి, నిలువుగా కూడా పెట్టి చూడండి. బాల్కనీ ఇనుప గ్రిల్‌కు ఆనించకుండా ఓ మూరెడు దూరం ఉంచండి.

738 కిలోహెర్ట్జ్‌లో వచ్చే హైదరాబాద్ ఆకాశవాణికి మాత్రం ఇది పనికిరాదు. ఆ తరంగం పొడవు 406 మీటర్లు! దానికి రేడియో లోపల తీగ చుట్టి ఉండే ఫెర్రైట్ కడ్డీయే ఆధారం, రేడియోనే తిప్పి చూసుకోవాలి.

కరెంటు తీగలకు దగ్గరగా పైపు చాపొద్దు. ఉరుములు మొదలవక ముందే కేబుల్‌ను రేడియో నుంచి తీసేసి, పైపును లోపల పెట్టేయండి.