పింఛను తిరస్కరించినప్పుడు నిబంధనను ఎలా పట్టుకోవాలి

ఎన్టీఆర్ భరోసా పింఛను ఎవరికి ఇవ్వాలన్న నిబంధనలు శాసనసభ చేసిన చట్టంలో ఉండవు. ప్రభుత్వ శాఖ జారీ చేసే జీవోలలోను, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కింది అధికారులకు పంపే ఉత్తర్వులలోను ఉంటాయి. అందువల్ల కొండపిలోనైనా కోవూరులోనైనా గ్రామ సచివాలయంలో ‘అర్హత లేదు’ అన్నప్పుడు, వాదనకు దిగకుండా, ఏ జీవోలోని ఏ షరతు అడ్డు వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటపై అప్పీలు నిలవదు.

గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు, మాగాణి 3 ఎకరాలు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించరాదన్నవి ఇటీవలి సంవత్సరాల్లో అమలైన ముఖ్య షరతులు. చిక్కంతా తరచుగా కరెంటు దగ్గరే వస్తుంది. అద్దెకిచ్చిన వాటా మీటరు కూడా ఇంటి పెద్దావిడ ఆధార్‌కే ముడిపడి ఉంటే, ఒక బల్బు, ఒక ఫ్యాను తప్ప ఎరుగని ఆమె లెక్కలో అద్దెవారి ఏసీ యూనిట్లు కూడా చేరతాయి. ఏడాది బిల్లులు వరుసగా పేర్చి, సర్వీసు నంబర్లు సరిచూసి, విద్యుత్ కార్యాలయంలో ఆ ముడి విప్పించి, రసీదుతోనే మళ్లీ దరఖాస్తు చేయాలి.

అప్పటికీ కదలకపోతే ఒంగోలు లేదా నెల్లూరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం నిర్ణయానికి కారణాలు బాధితులకు తెలపాలి. వాటిని కోరుతూ దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.